ఎలా ఉతుకుతారో చెప్పండి, ఏ దూదో చెబుతాను

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బొంత లోపల పెట్టే పొర గురించే. అమ్మేవాళ్లు దాన్ని బ్యాటింగ్ అంటారు, కొందరు వాడింగ్ అంటారు. మా ఇంట్లో "బ్యాటింగ్ చూడాలి" అంటే మావారు టీవీ పెట్టేస్తారు. అందుకని నేను దూది పొర అనే అంటాను, అది పాలిస్టరైనా సరే.

ప్రశ్న: మా అమ్మాయి మంచానికి 90 అంగుళాల వెడల్పు, 100 అంగుళాల పొడవుతో బొంత కుడుతున్నానండీ. పై పొర ముక్కలన్నీ కలపడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పుడు దూది పొర దగ్గర ఆగిపోయాను. కాటన్, పాలిస్టర్, 80-20 మిక్స్, ఉన్ని, వెదురు అని ఏవేవో చూపిస్తున్నారు. కనీసం ఇరవై ఏళ్లు ఉండాలని నా కోరిక. వాళ్లు మెషిన్‌లోనే ఉతుకుతారు. ఏది కొనాలి? కుట్టేముందు దూదిని ఉతికి తీరాలని ఒక స్నేహితురాలు, ఉతికితే పీలికలైపోతుందని ఇంకొకావిడ. ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన మాట "మెషిన్‌లోనే ఉతుకుతారు" అన్నది. చాలామంది అది రాయరు. మెత్తగా ఉండాలి, వెచ్చగా ఉండాలి, తేలిగ్గా ఉండాలి అని రాసి ఊరుకుంటారు. నా చేతుల మీదుగా పాడైన బొంతల్లో కప్పుకుని పాడైనవి తక్కువ, ఉతుకులో పాడైనవే ఎక్కువ. కాబట్టి ముందు ఉతుకు సంగతి తేల్చుకుని, అటునుంచి దూది దగ్గరికి రావాలి.

నా మొదటి బొంత గురించి చెబుతాను. ఏకిన దూది తెచ్చి, చేత్తో సమంగా పరిచి, జానెడుకొక వరస చొప్పున కుట్టాను. చూడటానికి బ్రహ్మాండంగా ఉండేది. మూడో ఉతుకు తర్వాత కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే, ఒక్కో గడిలో ఓ మూల నిమ్మకాయంత ముద్ద, మిగతాదంతా ఖాళీ గుడ్డ. ఆ ముద్దల్ని వేళ్లతో నొక్కి విడదీద్దామని ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాను. తడిసి ఉండకట్టిన దూది విడితేగా! పైబట్ట మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతోంది. దూదిలో లోపం లేదు, బట్టలో లోపం లేదు. వరసకీ వరసకీ మధ్య వదిలిన ఆ జానెడే కొంప ముంచింది.

అందుకే దుకాణంలో మీరు మొదట అడగాల్సింది "ఇది ఏ దూది?" అని కాదు, "దీని పోగులు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుని ఉన్నాయి?" అని. మూడు నాలుగు పద్ధతులున్నాయి. వేలాది సూదులతో పొడిచి పోగుల్ని ఒకదాంట్లోకి ఒకటి చిక్కు పడేలా చేసేది నీడిల్ పంచ్. జిగురు చల్లి పట్టు కుదిర్చేది ఇంకొకటి. కరిగే పోగులు కొన్ని కలిపి వేడితో అతికించేది మరొకటి. నీడిల్ పంచ్‌లోనే కొన్నిటికి నడుమ దోమతెర లాంటి సన్నని అల్లిక పెడతారు, దాన్ని స్క్రిమ్ అంటారు. స్క్రిమ్ ఉన్నది సాగదు, ముద్దకట్టదు, మెషిన్ కుట్టుకి చాలా అనువు. చేత్తో కుట్టేవాళ్లకి మాత్రం సూది ప్రతి పోటుకీ కాస్త మొరాయిస్తుంది.

ప్యాకెట్ మీద రెండు అంకెలు వెతకండి. ఒకటి, కుట్టు వరసల మధ్య ఎంత దూరం దాకా ఉండొచ్చో చెప్పేది. కొన్నిటి మీద 3 లేదా 4 అంగుళాలు ఉంటుంది, స్క్రిమ్ ఉన్నవాటి మీద 8, 10 దాకా కూడా రాస్తారు. అది హద్దు మాత్రమేనండీ, అంత దూరం వదలమని సలహా కాదు. 10 అని రాసి ఉన్నా, మీరు కోరుకునే ఇరవై ఏళ్లకి నేనైతే బెత్తెడు, అంటే 3 అంగుళాలు దాటనివ్వను. ప్రతి ఉతుకులోనూ దూదిని కదలకుండా పట్టి ఉంచేది ఆ వరసలే. రెండో అంకె, తడిస్తే ఎంత ముడుచుకుంటుందనేది. కాటన్‌కి మామూలుగా 3 నుంచి 5 శాతం. మీ 100 అంగుళాల పొడవు మీద అది 3 నుంచి 5 అంగుళాలు! పాలిస్టర్ దాదాపు ముడుచుకోదు.

ఇక రకాలు. పాలిస్టర్ తేలిక, చవక, తొందరగా ఆరుతుంది. ఎందుకు ఆరుతుందంటే నీళ్లు తాగదు కనుక. కాటన్ మామూలు గాలిలోనే తన బరువులో 8 శాతం దాకా తేమ పట్టి ఉంచుకుంటుంది, ఉన్ని 16 దాకా, పాలిస్టర్ అర శాతం కూడా కాదు. పాలిస్టర్ బొంత కింద పడుకుంటే కొందరికి అర్ధరాత్రి ఒళ్లు జిగటగా అనిపించేది అందుకే. వేడి ఇస్త్రీ తగిలితే పొంగు అణిగిపోతుంది కూడా. వెదురు అని రాసి ఉన్నది చాలావరకు వెదురు గుజ్జు నుంచి తీసిన విస్కోస్. చేతికి పట్టులా ఉంటుంది, కాదనను. కానీ విస్కోస్ తడిస్తే బలం దాదాపు సగానికి పడిపోతుంది. కాటన్ దీనికి పూర్తిగా తిరగబడి, తడిస్తే ఇంకా గట్టిపడుతుంది. మెషిన్‌లో గిరగిరా తిరగబోయే బొంతకి ఈ ఒక్క తేడా చాలు, నా ఓటు ఎటో చెప్పక్కర్లేదు. ఉన్ని నాకు ప్రాణం, మడత గీతలు పడదు, బరువు లేకుండా వెచ్చగా ఉంటుంది. అయితే మెషిన్‌లో వేసే ఇంటికి పంపను. దాని గతి ఏమవుతుందో కింది ఉత్తరంలో చూడండి.

మీకు నా మాట: స్క్రిమ్ ఉన్న నీడిల్ పంచ్ కాటన్, లేదా 80 పాళ్లు కాటన్, 20 పాళ్లు పాలిస్టర్ కలిపినది. మందం పావు అంగుళానికి మించకుండా తీసుకోండి. బాగా పొంగినది చూడగానే ముచ్చటేస్తుంది గానీ, మెషిన్ పాదం కింద ఇరుక్కుని కుట్టు ముడతలు పడుతుంది. మీ పైబట్టలో తెలుపు ఎక్కువుంటే బ్లీచ్ చేసిన తెల్లదే అడగండి. బ్లీచ్ చెయ్యని కాటన్‌లో గింజ తాలూకు గోధుమరంగు నలకలుంటాయి, పల్చని తెల్ల బట్టలోంచి అవి మచ్చల్లా కనిపిస్తాయి.

ఇప్పుడు స్నేహితురాళ్ల తగవు. ఇద్దరూ చెప్పింది నిజమే, ఇద్దరూ సగమే చెప్పారు. మెషిన్‌లో మామూలుగా వేసి తిప్పితే పీలికలవుతుంది, ఖాయం. ఒకసారి నేనూ ఆ ఘనకార్యం చేశాను. మూత తీస్తే గిన్నెడు పెరుగు ఒలికినట్టు ఉంది, బయటికి పోయే నీళ్ల గొట్టం కూడా మూసుకుపోయింది. ఉతకడం అంటే ఇక్కడ నానబెట్టడం అని అర్థం చేసుకోవాలి. అసలు నానబెట్టాలా వద్దా అనేది బొంత ఎలా కనబడాలో దాన్నిబట్టి ఉంటుంది. బట్టలన్నీ ముందే ఉతికి, దూదిని మాత్రం ఉతక్కుండా కుట్టారనుకోండి, మొదటి ఉతుకులో దూది ముడుచుకుని పైబట్టంతా సన్నని ముడతలతో పాతకాలపు బొంతలా తయారవుతుంది. కొందరు కోరి మరీ అలా చేస్తారు. బట్ట ఉతక్కుండా లోపల పాలిస్టర్ పెడితే కథ తిరగబడుతుంది, బట్ట ముడుచుకుంటుంది, దూది ముడుచుకోదు, గడి గడికీ బూరెల్లా ఉబ్బుతుంది. చదునుగా, కుట్టినది కుట్టినట్టే ఉండాలంటేనే బట్టా దూదీ రెండూ ముందే తడపాలి.

నేను లెక్కల టీచర్‌గా రిటైరయ్యాను, కాబట్టి ఊహల మీద నడవను. కొన్న దూది అంచు నుంచి 40 సెంటీమీటర్ల ముక్క కత్తిరించండి. పైన, కింద మీరు వాడబోయే బట్టలే పెట్టి, మీరు వేయబోయే దూరంలోనే కుట్టండి. కుట్టిన తర్వాత దాని మీద చెరగని పెన్నుతో సరిగ్గా 25 సెంటీమీటర్ల చదరం గీయండి. ఇప్పుడు మీ అమ్మాయి ఎలా ఉతుకుతుందో అలాగే ఉతికి, అలాగే ఆరబెట్టండి. మెషిన్‌లో అంటే మెషిన్‌లోనే, ముక్క కదా అని చేత్తో ముద్దు చేయకండి. మూడుసార్లు ఉతికి స్కేలు పెట్టండి. చదరం ఒక సెంటీమీటరు తగ్గితే 4 శాతం. అంటే మీ బొంత 100 నుంచి 96 అంగుళాలకి వస్తుంది. ఆ నాలుగు అంగుళాలు పోయినా మంచానికి సరిపోతే దూదిని నానబెట్టే పనే లేదు. ఆ ముక్కని వెలుతురుకి పట్టి కూడా చూడండి, గడుల్లో చీకటి ఒకేలా ఉందా, మూలలకి చేరిందా అని. ఈ ముక్కకి ఒక సాయంత్రం పడుతుంది. మీ ఎనిమిది నెలల కష్టం ముందు అదెంత?

సరిపోదు, నానబెట్టాలి అని తేలితే, ముందు ప్యాకెట్ మీద తడపొద్దని రాయలేదు కదా అని చూసుకోండి. తర్వాత పెద్ద టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి, దూదిని మడతలుగా వదిలి, అరచేతులతో మెల్లిగా అదమండి. సబ్బు అక్కర్లేదు. మొదట పైకి తేలుతుంది, గాలి బుడగలు పోయాక తనే మునుగుతుంది. అరగంట వదిలేయండి. పిండకండి, రుద్దకండి, కొస పట్టుకుని ఎత్తకండి. నీళ్లు తాగిన దూది తన బరువుకి తనే చిరుగుతుంది. టబ్బు అడుగున ముందే ఒక పాత దుప్పటి పరిచి ఉంచితే, నీళ్లు వదిలేసి, ఆ దుప్పటితో సహా పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తొచ్చు. పైనుంచి మూత తెరిచే మెషిన్ ఉంటే తిప్పకుండా నానబెట్టి, చివర్లో స్పిన్ ఒక్కటే పెట్టుకోవచ్చు. ముందు తలుపున్న మెషిన్‌కి ఆ పని చేతకాదు, అది తిప్పకుండా ఉండలేదు. దుప్పటి మీదే చదునుగా పరిచి, సగం ఆరాక తిరగేయండి.

ఒక చిన్న సంగతి, ఎవరూ చెప్పరు. నీడిల్ పంచ్ దూదికి రెండు ముఖాలుంటాయి. వేళ్లతో తడిమితే ఒకవైపు సూది దిగిన సన్నని గుంటలు, రెండోవైపు చిన్న చిన్న పొక్కులు తెలుస్తాయి. గుంటల వైపు పైకి పెట్టి కుట్టండి. కార్ఖానాలో సూది దిగిన దారినే మీ సూదీ దిగుతుంది.

ప్రశ్న: ముదురు నీలం బట్టతో కుట్టిన బొంత మీద తెల్ల నూగు వస్తోంది. పీకిన కొద్దీ వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: పీకడం ఆపండి, మొదట. ఒక గోధుమరంగు టేపు ముక్క అద్ది ఎత్తండి. నూగు టేపుకి అంటుకుని వచ్చేస్తే అది ఉతుకులో వేరే బట్టల నుంచి పట్టినది, భయం లేదు. రాకుండా వెంట్రుకలా నిలబడి ఉంటే లోపలి పాలిస్టర్ పోగులు బట్ట అల్లికలోంచి బయటికి పాకుతున్నాయన్నమాట. ఇంగ్లీషులో దీనికి గడ్డం పెరగడం అని పేరు, బియర్డింగ్. మా బొంతకి గడ్డం వచ్చిందని చెబితే మా మనవడు రేజర్ తెచ్చిచ్చాడు. నిజానికి వాడే నయం. పీకితే ఆ పోగు వెనకున్న పోగుల్ని కూడా లాక్కొస్తుంది, సన్నని కత్తెరతో బట్ట మట్టానికి కత్తిరించడమే దారి.

పూర్తిగా ఆగుతుందని మాత్రం చెప్పలేను. వచ్చేసారికి ముదురు బట్టకి ముదురు రంగు దూది కూడా దొరుకుతుంది, అది అడగండి. బట్ట ఒత్తు నేతదై ఉండాలి. సూది మొద్దుబారితే పెద్ద కన్నాలు చేస్తుంది, పోగులకి అవే తలుపులు. ఏడెనిమిది గంటల కుట్టుకొక సూది మార్చేయండి.

ప్రశ్న: ఉన్ని పొర పెట్టిన బొంతని వేడినీళ్లలో మెషిన్‌కి వేశాం. అట్టలా బిగుసుకుపోయి, ఒక మూర తగ్గింది. మళ్లీ సాగదీయొచ్చా?

జవాబు: లేదండీ. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడి, తడి, రాపిడి మూడూ కలిసినప్పుడు పోగులు ఒకదాంట్లో ఒకటి చొచ్చుకుపోతాయి, ఆ పొలుసులు వెనక్కి రానివ్వవు. కావాలని అలా చేసినదే ఫెల్ట్. మీది ఇప్పుడు ఫెల్ట్. కింద పరుచుకోవడానికి బాగుంటుంది.

మరో ఉన్ని బొంత ఉంటే చల్లని నీళ్లు, ఉన్నికి పనికొచ్చే ఎంజైములు లేని సబ్బు, రుద్దకుండా నానబెట్టడం, అంతే. మామూలు డిటర్జెంట్లలో మాంసకృత్తుల మరకల్ని కరిగించే ఎంజైములు వేస్తారు, ఉన్ని కూడా మాంసకృత్తే. దాచేముందు శుభ్రంగా ఉతికి దాచండి, చెమట మరకలున్న ఉన్ని అంటే పురుగుకి పిలిచి విందు పెట్టినట్టే.

ప్రశ్న: మిగిలిన దూది ముక్కలు కలిపి వాడుకోవచ్చా?

జవాబు: భేషుగ్గా. ఒకే రకం, ఒకే మందం అయితేనే. అంచులు తిన్నగా కత్తిరించి, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కన ఆనించి, వెడల్పాటి జిగ్‌జాగ్ కుట్టు వేయండి. ఎక్కిస్తే అక్కడ గట్టు తగులుతుంది.

ప్రశ్న: కుట్టిన బొంత మొదటిసారి ఉతికితే ఎరుపు దిగి తెల్లగడులన్నీ గులాబీ రంగయ్యాయి. వెనిగర్, ఉప్పు వేసి ఉతకమంటున్నారు.

జవాబు: కాటన్ బట్ట మీద దిగే రంగుని వెనిగరూ ఆపదు, ఉప్పూ ఆపదు. బొంత ఇంకా తడిగానే ఉందా? అయితే ఆశ ఉంది. ఆరనివ్వకండి, ఇస్త్రీ అసలు వద్దు. టబ్బు నిండా వేడినీళ్లు, చెయ్యి పట్టలేనంత వేడి, అందులో కాస్త డిటర్జెంట్ వేసి బొంత మొత్తం మునిగేలా రాత్రంతా ఉంచండి. నీళ్లు ఎక్కువుండటమే ఇందులో కిటుకు. విడివడిన రంగు నీళ్లలోనే తేలుతుంది, బట్ట వైపు రాదు. పొద్దున్నకి నీళ్లు ఎర్రగా ఉంటే మళ్లీ కొత్త నీళ్లు. నాకొకసారి నాలుగు విడతలు పట్టింది. ఇదంతా లోపల కాటన్ లేదా పాలిస్టర్ ఉన్నప్పుడే, ఉన్ని ఉంటే ఈ దారి మర్చిపోండి.

ఉతుకు గురించి అడిగిన మిగతావాళ్లందరికీ కూడా ఇక్కడే చెప్పేస్తాను. చల్లని నీళ్లు, మామూలుగా వేసే డిటర్జెంట్‌లో సగం, బొంతకి తిరగడానికి చోటుండేంత పెద్ద మెషిన్. క్లోరిన్ బ్లీచ్ వద్దు, పోగుల్ని తినేస్తుంది. సాఫ్ట్‌నర్ వద్దు, పోగులకి పూతలా పట్టి కాటన్ నీళ్లు పీల్చుకోకుండా చేస్తుంది. ఆరేసేటప్పుడు ఒక్క తాడు మీద వేలాడదీయకండి, బరువంతా కుట్ల మీద పడి తెగుతాయి. మూడు నాలుగు తాళ్ల మీద అడ్డంగా పరవండి, లేదా నేల మీద దుప్పటేసి పరవండి. నీడలో. ఆరిందనుకున్నాక ముక్కలు కలిసే మందపాటి చోట చెంప ఆనించి చూడండి, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. ఆ తడితో మడతపెడితే బూజు పట్టి మచ్చలొస్తాయి, అవి పోవు.

ప్రశ్న: మా నాయనమ్మ చేతి బొంత ఉంది. లోపల విడి దూది. దుమ్ము వాసన వస్తోంది. ఉతకాలా వద్దా తేల్చుకోలేకపోతున్నాం.

జవాబు: మొదట బట్ట ఏ స్థితిలో ఉందో చూడండి. ముఖ్యంగా పాత ముదురు గోధుమరంగు, నలుపు ముక్కలు. వెనకటి రోజుల్లో ఆ రంగులకి ఇనుము కలిపేవాళ్లు, అది కాలం గడిచేకొద్దీ బట్టని కొరికేస్తుంది. వేలితో ఆనిస్తే పొడిగా రాలుతుంటే నీళ్ల జోలికి పోవద్దు. దాని మీద దోమతెర గుడ్డ పరిచి, వాక్యూమ్ క్లీనర్‌ని తక్కువ జోరులో పెట్టి దుమ్ము మాత్రం లాగి, నీడలో నాలుగు రోజులు గాలికి పరవండి. వాసన చాలావరకు పోతుంది.

బట్ట గట్టిగానే ఉంటే, తడి తెల్లగుడ్డని ప్రతి రంగు మీదా ఒక నిమిషం అదిమి చూడండి. రంగు అంటకపోతే ముందుకు వెళ్లొచ్చు. అయితే ఉన్నపళంగా కాదు. విడి దూది కదా, మీ నాయనమ్మ గారి వరసలు ఎక్కడెక్కడ తెగాయో అక్కడ అదే కన్నాల్లోంచి దారం పోనిచ్చి తిరిగి కుట్టండి. కొత్త కన్నాలు పొడవకండి. తర్వాత బొంతకి రెండువైపులా దోమతెర గుడ్డ పెట్టి, బెత్తెడుకొకటి చొప్పున పెద్ద పెద్ద టాకాలు వేయండి. ఇప్పుడు దూదికి కదిలే వీలుండదు. టబ్బులో దుప్పటి పరిచి, చల్లని నీళ్లలో మునిగేలా ఉంచండి. మొదటి నీళ్లు టీ డికాషన్‌లా వస్తాయి, కంగారు పడకండి, అది ఏళ్ల మట్టి. నీళ్లు తేటపడేదాకా మారుస్తూ ఉండండి, చివరి రెండు విడతల ముందు మాత్రం చిటికెడు సబ్బు.

దుప్పటితోనే ఎత్తి, కింద ఒక తువ్వాలు, పైన ఒక తువ్వాలు పెట్టి అదిమి, ఫ్యాను కింద పరిచేయండి. ఆ టాకాలు, తెర ఇప్పుడే విప్పకండి. రెండు రోజులాగి, చెంప ఆనించి చూశాక విప్పండి.